అయిదు లీటర్ల కాపురం

పెళ్లయిన ఇరవై మూడో రోజున మా ఆయన నాకు తొలి బహుమతిగా అయిదు లీటర్ల ఇంజన్ ఆయిల్ డబ్బా ఇచ్చారు. ఇచ్చారంటే మరీ ఇచ్చారని కాదు, "కాస్త పట్టుకో" అని చేతుల్లో పెట్టారు. అయినా మురిసిపోయాను. ఇరవై మూడు రోజుల కాపురంలో మనిషి దేనికైనా మురుస్తుంది. డబ్బా మూత బంగారు రంగులో ఉంది. నాకది చాలు.

"పూర్తి సింథటిక్. నీళ్లలా పలచగా ఉంటుంది. రేసు కార్లలో పోస్తారు," అన్నారు, చంటిపిల్లని చూపిస్తున్నంత గర్వంగా.

"మన బండి రేసుకి వెళ్తోందా?"

"శుక్రవారం పరీక్షకి వెళ్తోంది. అంతకంటే ఎక్కువే."

ఆ బండి సంగతి చెప్పాలి. మా మామగారు బీరువాలు, మంచాలు, బల్లలు చేసే వడ్రంగి మేస్త్రి. ఇంటి ముందు భాగం దుకాణం, వెనక కార్ఖానా, మేడ మీద మా కాపురాలు. చేసిన సామాను చేరవేసేది ఒక పికప్ బండి. అది మా ఆయన కంటే ఇరవై ఆరేళ్లు పెద్దది. ఒకప్పుడు నీలం రంగు. నీలం పోయిన చోటల్లా మామగారు దుకాణంలో మిగిలిన వార్నిష్ పూస్తూ వచ్చారు కాబట్టి, దూరం నుంచి చూస్తే ఎవరో పెద్ద భోషాణానికి చక్రాలు బిగించి తోలుకొస్తున్నట్టు ఉంటుంది. తలుపు పిడి టేకుది. గేరు రాడ్డు మీది గుండు కూడా చెక్కదే, చిత్రిక పట్టి నున్నగా చేసింది. ముందు సీటు ఒకటే పొడుగు బల్ల. ముగ్గురు పడతారు. ఇద్దరే కూర్చుంటే మధ్యలో ఒకరికి సరిపడా ఖాళీ మిగులుతుంది. మా ఆయనా నేనూ ఆ ఖాళీని ఇంతవరకు మిగల్చలేదు.

పాత బళ్లకి ఏటా రవాణా ఆఫీసులో ఒక పరీక్ష ఉంటుంది. ఇదివరకున్న ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ముద్ర వేసేవాడట. ఈసారి ఉత్తరం వచ్చింది: బండిని వాలు మీద నుంచి దింపుతూ నాలుగు గీతల దగ్గర ఆపి చూపించాలి. తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు. రద్దయిన బండిని కొనేది తుక్కువాడొక్కడే.

ఆ ఉత్తరం చూసి ఇంట్లో సంతోషించినవారు బావగారు ఒక్కరే. మా ఆయన అన్నగారు, దుకాణం బేరాలన్నీ ఆయనవే. తోడికోడలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. ఉత్తరాన్ని ఫ్రిజ్‌కి అంటించి, పక్కనే తెల్లటి కొత్త వ్యాను బొమ్మ అంటించారు.

"నాన్నకి విశ్రాంతి కావాలమ్మా," అన్నారు నాతో. "డ్రైవర్‌ని పెడదాం, ఇద్దరు మనుషుల్ని పెడదాం. సామాను వాళ్లే దింపి వస్తారు. నాన్న హాయిగా దుకాణంలో కూర్చుంటారు."

కూర్చోవడానికి కుర్చీ కూడా తెచ్చేశారు. ప్లాస్టిక్‌ది, గిర్రున తిరిగేది. తరాలుగా కుర్చీలు చేసే ఇంట్లోకి కొని తెచ్చిన కుర్చీ! మామగారు దాన్ని గౌరవంగానే చూస్తున్నారు. రోజూ స్నానమయ్యాక తువ్వాలు దాని మీదే ఆరేస్తున్నారు.

పెళ్లయిన రెండో వారంలో ఒకసారి నేనూ మామగారి వెంట బండిలో వెళ్లాను, ఒక టీచరమ్మ ఇంటికి బీరువా ఇవ్వడానికి. మామగారు బీరువాని దించేసి చేతులు దులుపుకోలేదు. గోడకి చేర్చి, నేల ఎక్కడ పల్లంగా ఉందో అరచేత్తో తడిమి, ఒక కాలి కింద పలచటి చెక్కముక్క దూర్చారు. తర్వాత తలుపు సగం తెరిచి వదిలేశారు. ఎక్కడ వదిలారో అక్కడే నిలబడిపోయింది తలుపు. అప్పుడు నవ్వారు. ఇంట్లో ఆయన నవ్వగా నేను చూడలేదు. టీచరమ్మ బీరువాని చూస్తోంది, నేను ఆయన్ని చూస్తున్నాను. వ్యాను వస్తే ఆ చెక్కముక్క దూర్చే పని జీతగాళ్ల పాలవుతుంది. వాళ్లు దూర్చరు. ఈయనకి నవ్వడానికి ఇంకో చోటు లేదు.

ఇదీ శుక్రవారం సంగతి. ఇంత సంగతి ఉంటే, సోమవారం నుంచి ఇంట్లో మగవాళ్లందరూ దేని గురించి కొట్టుకున్నారయ్యా అంటే, ఇంజన్ ఆయిల్ గురించి.

మామగారు బంగారు మూత తీసి, రెండు వేళ్ల మధ్య ఆయిల్ రాసి చూశారు.

"ఒరేయ్ చిన్నోడా, ఇది ఆయిలా, చెమటా?"

"లేటెస్ట్ నాన్నా. ఇంటర్నెట్‌లో అందరూ ఇదే చెబుతున్నారు."

"ఇంటర్నెట్‌లో ఉన్నవాళ్ల బళ్లన్నీ ఇంటర్నెట్‌లోనే తిరుగుతాయి. మనది రోడ్డు మీద తిరగాలి. చిక్కటి బండి, చిక్కటి ఆయిల్ తాగుతుంది."

నేను ఉండబట్టలేక అడిగాను. "పోయినసారి ఆయిల్ ఎప్పుడు మార్చారు మామయ్యగారూ?"

అందరూ నన్ను చూశారు, ఇంటికొచ్చిన కొత్త కోడలు ఎంత అమాయకురాలో అన్నట్టు. జవాబు అత్తగారు చెప్పారు.

"మార్చడమెందుకే అమ్మాయ్? కింద నుంచి కారుతూ ఉంటుంది, పై నుంచి వీళ్లు పోస్తూ ఉంటారు. దానంతట అదే మారుతుంది. మీ మామయ్యకి ఏదైనా చెప్పినా అంతే. ఈ చెవిలో పోస్తే ఆ చెవిలోంచి కారిపోతుంది."

మంగళవారం మెకానిక్ వచ్చారు. ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. బానెట్ తెరవకముందే దాని మీద చెవి ఆనించి జబ్బు చెబుతారు. ఆ రోజు ఇంజన్ ఆపి ఉంది. అయినా ఆనించారు.

"జింకు అడుగుతోంది," అన్నారు కళ్లు మూసుకుని.

"అడిగేదేదో నోరు తెరిచి అడిగితే మాకీ గొడవ ఉండకపోను," అన్నారు అత్తగారు, ఆయన చేతికి టీ గ్లాసు ఇస్తూ.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. గిన్నె మాడితే నన్నే పిలుస్తారు. కాబట్టి మగవాళ్లు వాదించుకుంటున్నంతసేపూ నేను బండి సొరుగులో దొరికిన కంపెనీవాళ్ల పాత పుస్తకం తిరగేశాను. చెదలు అంచులన్నీ చదివేశాయి గానీ మధ్యలో నాకూ కాస్త మిగిల్చాయి. సాయంత్రం మేడమెట్ల మీద మా ఆయన్ని ఆపాను. నలుగురిలో 'మీరు' అనీ మెట్ల మీద 'నువ్వు' అనీ మా మధ్య ఒక ఒప్పందం ఉంది. దాన్ని తల్చుకుంటేనే నాకు నవ్వొస్తుంది.

"నువ్వు తెచ్చిన ఆయిల్ మంచిదే, కానీ ఈ బండికి కాదు," అన్నాను. "లోపల ఎన్నేళ్ల మడ్డి ఉందో చూశావా? కొత్త ఆయిల్‌లో సబ్బులాంటి మందులు ఎక్కువ. ఆ మడ్డినంతా ఒక్కసారిగా ఊడదీస్తుంది. ఊడిన ముక్కలు సన్నటి దారుల్లో అడ్డం పడితే ఇంజన్ ఎండిపోతుంది. పైగా ఆ పాత సీళ్లు ఇంత పలచటిదాన్ని ఆపలేవు."

"అయితే నాన్న చెప్పిందే కరెక్టా?" ముఖం వాడిపోయింది పాపం.

"సగం. మరీ చిక్కటిదైతే పొద్దున్నే పైదాకా ఎక్కదు. మామూలు ఇరవై-యాభై నంబరు మినరల్ ఆయిల్, జింకు ఉన్నది పోయాలి. పాత ఇంజన్లలో ఒకదాన్నొకటి రాసుకునే భాగాల మధ్య జింకు ఉండాలి. మేస్త్రిగారి చెవికి ఎలా వినిపించిందో గానీ, వినిపించింది."

"నీకు ఇంత తెలుసని పెళ్లికి ముందు చెప్పలేదే!"

"నువ్వు అడిగింది నాకు సైకిల్ వచ్చా అని."

ఆయన బంగారు మూత డబ్బాని వెనక్కి ఇచ్చేయడానికి ఒప్పుకున్నారు. ఇంత పెద్ద త్యాగం చేసిన మనిషిని మెట్ల మీద ఎలా ఓదార్చాలో అలా ఓదార్చాను.

బుధవారం పొద్దునకి, బండిలో ఎక్కడ ఏం పోయాలో రాసిన కాగితం తయారైంది. మామగారి మాట సగం, మేస్త్రి మాట పావు, మా ఆయన మాట అసలు లేకుండా. గేరుపెట్టెకి తొంభై నంబరు ఆయిలే, కానీ పాత రకం. కొత్త రకంలో గంధకం మందు ఎక్కువ, లోపలున్న ఇత్తడి రింగుల్ని కొరుక్కు తినేస్తుంది. రేడియేటర్‌కి పాతకాలపు పచ్చ కూలెంటే, ఎందుకంటే దాని అతుకులు సీసంతో చేసినవి, నారింజ రంగుదానికి అవి రుచిస్తాయని అంటారు. "ఇది బండా, పథ్యం తింటున్న రోగా?" అన్నారు బావగారు. కాగితంలో ఒక్క వరుస ఖాళీగా ఉండిపోయింది.

"బ్రేక్ ఆయిల్ సంగతి నేను చూసుకుంటాను," అన్నారు మామగారు.

ఎప్పుడూ ఆయనే చూసుకుంటారట. ఎక్కడి నుంచో ప్రత్యేకంగా తెప్పిస్తారని ఇంట్లో ప్రతీతి. ఆ సీసా ఎవరూ చూడలేదు. ఇంజన్‌లో ఏం పోయాలో మూడు రోజులు కొట్టుకున్న ఇల్లు, బండిని ఆపేదేమిటో మాత్రం ఒక్కసారి అడగలేదు. బండి నడవడం మగతనం, ఆగడం ఎవరిదో మరి.

కాసేపయ్యాక నేను బండిలో బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా మూత తిప్పాను. తిప్పగానే మా ఇంటి వాసన వచ్చింది. నిజంగానే మా ఇంటి వాసన. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నన్ను మొదట పలకరించింది అదే: కార్ఖానాలో పాలిష్ పెట్టే స్పిరిట్ వాసన. వేలు ముంచి చూశాను. జిడ్డు, బంక. ఆముదం.

కార్ఖానాలో మామగారు ఒక బీరువా తలుపుకి పాలిష్ పెడుతున్నారు. గుడ్డ ఉండ గుండ్రంగా తిరుగుతోంది. బల్ల మీద లక్క, స్పిరిట్ డబ్బా, పాలిష్ పెళుసెక్కకుండా చుక్క వెయ్యడానికి ఆముదం సీసా.

"మామయ్యగారూ, మీ బ్రేక్ ఆయిల్ ఏ కంపెనీది?"

"మంచి కంపెనీదే."

"ఆ కంపెనీ ఈ బల్ల మీదే ఉందా?"

చెయ్యి ఆగిపోయింది. పాలిష్ పెట్టేటప్పుడు చెయ్యి ఆగకూడదు, ఆగిన చోట మచ్చ పడుతుంది. పడింది. ఆయన దాన్ని చూడలేదు.

"ఎవరు చెప్పారు?"

"నా ముక్కు."

కాసేపు గుడ్డ ఉండని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ముప్పై ఒక్క ఏడాది కిందట ఒక నెల రోజులు బ్రేక్ ఆయిల్ ఎక్కడా దొరకలేదమ్మాయ్. బీరువాలు తయారై కూర్చున్నాయి. పాతకాలపు డ్రైవర్ ఒకాయన చెప్పాడు, పూర్వం మేం పోసేది సగం ఆముదం, సగం స్పిరిటే కదా అని. రెండూ ఇంట్లోనే ఉన్నాయి. పోశాను. ఆగింది. ఆగుతున్నదాన్ని మార్చడమెందుకు?"

ఆ డ్రైవర్ అబద్ధం చెప్పలేదు. పూర్వం అదే పోసేవారు. వంటింట్లో నూనెలేవీ స్పిరిట్‌లో కలవవు, ఆముదం కలుస్తుంది. పాతకాలపు రబ్బరుని తొందరగా పాడు చెయ్యదు కూడా. పరీక్షలో రాస్తే పదికి తొమ్మిది మార్కులు వచ్చే జవాబు. ఆ పోయిన ఒక్క మార్కే ప్రాణాల మీదికి వచ్చేది.

"స్పిరిట్ నీళ్ల కంటే ముందే మరుగుతుంది మామయ్యగారూ. వాలు మీద పదే పదే తొక్కితే బ్రేకులు వేడెక్కుతాయి, లోపల అది ఆవిరైపోతుంది. అప్పుడు మీరు తొక్కేది ఆయిల్‌ని కాదు, గాలిని."

"మూడుసార్లు తొక్కితే ఆగుతుంది. నాకు అలవాటే."

"నాలుగో గీత దగ్గర ముప్పైసార్లు తొక్కినా ఆగదు. మీకూ తెలుసు. కొండవీధి ఇళ్లకి సామాను ఇవ్వాలంటే మీరు ఆ వాలు తప్పించుకుని ఊరంతా చుట్టి వెళ్తారు. మేమంతా మీకు షికారంటే ఇష్టమనుకున్నాం."

ఆయన ఆముదం సీసాకి మూత బిగించారు. ఆఖరికి చాలా చిన్నగా అడిగారు: "పెద్దోడికి చెబుతావా?"

ముప్పై ఏళ్లు మేకు ఎక్కడ కొట్టాలో ఇంకొకరిని అడగని మనిషి. నా వెటకారం ఎక్కడికి పోయిందో పోయింది.

"నేను చెప్పను. కానీ నాలుగు చక్రాలూ విప్పి లోపలి రబ్బర్లు మార్చాలి. గుట్టుగా అయ్యే పని కాదు. మీరే చెప్పండి."

"చెబితే ఆ కుర్చీలో కూర్చోబెడతాడు."

"చెప్పకపోతే వాలు కింద ఎక్కడ కూర్చుంటామో తెలియదు కదా."

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పారు. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. "బ్రేకుల్లో ఉన్నది ఆముదం, స్పిరిట్టూను."

మొదట తేరుకున్నది అత్తగారు. "అదా సంగతి! నెలకో సీసా ఎటు పోతోందా అని నేను ఎలుకల్ని తిట్టిపోస్తున్నాను!"

మా ఆయన నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇంజన్ ఆయిల్ మీద నలభై వీడియోలు చూసిన మనిషి, బ్రేకుల్లో ఏముందో ఒక్కసారి చూడలేదని అప్పుడే తట్టినట్టుంది. బావగారు మాత్రం ఎర్రబడిపోయారు.

"నాన్నా, ఆ బండిలో నా పిల్లల్ని బడికి తీసుకెళ్లావు నువ్వు."

"బల్లపరుపు దారిలోనే తీసుకెళ్లానురా."

"అంటే నీకు తెలుసన్నమాట!"

మామగారు తల దించుకున్నారు. బావగారు సగం అన్నం వదిలేసి లేచి చేతులు కడుక్కున్నారు. తుక్కువాడికి ఫోన్ చెయ్యడానికే వెళ్తున్నారనుకున్నాం. తీరా కిటికీలోంచి చూస్తే, ఇస్త్రీ చొక్కాతోనే బండి కింద గోనెపట్టా పరిచి దూరుతున్నారు.

"అన్నయ్యా, నీకు వ్యాను కదా కావాలి?" అన్నారు మా ఆయన బయటికి పరిగెత్తి.

"వ్యాను సంగతి శనివారం చూద్దాం," అని బండి కింద నుంచి గొంతు వచ్చింది. "శుక్రవారం ఆ వాలు మీద నుంచి దిగేది ఎవడ్రా, నువ్వా? నాన్నే కదా. పానా ఇవ్వు."

చెవి మేస్త్రిని పిలిపించాం. ఈసారి చెవి అక్కర్లేకపోయింది, చక్రం విప్పగానే అందరికీ కనిపించింది. రబ్బరు కప్పులు ఉబ్బి, అంచులు చిట్లి, బాగా నానిన శనగల్లా ఉన్నాయి. పైపుల్లోంచి గోధుమరంగు జిగురు కారింది.

"దీన్ని దేంతో కడగాలి?" అన్నారు మా ఆయన, ఫోన్ తీస్తూ.

"స్పిరిట్‌తో," అన్నాను. "పెట్రోలు తగిలితే కొత్త రబ్బర్లు పాడవుతాయి. ఆముదాన్ని కరిగించేదీ, మిగలకుండా ఆరిపోయేదీ స్పిరిటే."

మామగారు లోపలికి వెళ్లి పెద్ద డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. ఇంట్లో స్పిరిట్‌కి కరువా!

మా ఆయనా నేనూ ఆయిల్ షాపుకి వెళ్లాం. షాపాయన సిద్ధాంతం చాలా సులువు: మీరు అడిగింది మంచిదే, దాని పక్కనున్న ఖరీదైనది ఇంకా మంచిది. బ్రేక్ ఆయిల్ అనగానే ఊదారంగు సీసా బయటికి తీశాడు.

"సిలికాన్‌దమ్మా. పెయింట్ మీద పడ్డా పెయింట్ పోదు. పాత బళ్లవాళ్లంతా ఇదే పట్టుకెళ్తున్నారు."

"మా బండికి పోవడానికి పెయింట్ ఉంటే కదండీ," అన్నాను. "ఇది మామూలుదానితో కలవదు. రేపు దారిలో చుక్క తగ్గితే ఏ షాపులో దొరుకుతుంది? ఆ మామూలు సీసా ఇవ్వండి, తేనెరంగుది. సీలు తీయనిది."

"సీలు తీసింది కూడా కొత్తదేనమ్మా."

"అది గాల్లోంచి తేమ తాగేస్తుందండీ. సీలున్నది ఇవ్వండి."

మా ఆయన నన్ను చూసిన చూపు ఉందే, మొన్న బంగారు మూత డబ్బాని చూసిన చూపు! పోటీలో గెలిచానని తేలిపోయింది.

గురువారమంతా గాలి తీసే పని. పైపుల్లో గాలి బుడగ మిగిలితే బ్రేకు మెత్తగా ఉంటుంది. కాబట్టి ఒకరు పైన పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద చక్రం దగ్గర మర వదులు చేసి బుడగల్ని పోనివ్వాలి, మర బిగించేదాకా పైవాళ్లు కాలు తీయకూడదు. తొక్కేది నేను, చక్రం దగ్గర మా ఆయన.

"తొక్కు!"

"తొక్కాను!"

"పట్టుకో! వదలకు!"

"వదలను!"

"వదిలావంటే మళ్లీ మొదటికొస్తుంది!"

"జన్మలో వదలనండీ!"

మేడ మీద బట్టలు ఆరేస్తున్న అత్తగారు కిందికి తొంగిచూశారు. "వీధివాళ్లు వింటున్నారర్రా. కాస్త మెల్లగా బిగించుకోండి."

నాలుగు చక్రాలకీ అయ్యేసరికి నా కాలు పీకేసింది. ప్రపంచంలో ఇంత మంచి రోజు ఇంకెవరికైనా వచ్చిందా అనిపించింది. ఆఖర్న మామగారు వచ్చి పెడల్ తొక్కి చూశారు. సగంలోనే రాయిలా ఆగిపోయింది. ఉలిక్కిపడ్డారు. మళ్లీ తొక్కారు. మళ్లీ రాయే.

"ఇది మన బండేనా?" అన్నారు.

శుక్రవారం పదింటికి పరీక్ష మైదానం. దుకాణం మూసి అందరం వెళ్లాం; అక్కడిదాకా బండి చెవి మేస్త్రి తోలారు. ఇన్‌స్పెక్టర్ పలచటి మనిషి, చేతిలో అట్ట, చెవి వెనక పెన్సిలు. బండి కిందికి వంగి చూశాడు. ఇంజన్ ఆయిల్ కోసం మూడు రోజులు జరిగిన యుద్ధానికి ఆయన అట్ట మీద ఉన్నది ఒకే ఒక గడి: కారుతోందా, లేదా. కింద ఒక చుక్క వేలాడుతోంది. కింద పడలేదు, అలా వేలాడుతోంది. కాసేపు దాన్నే చూశాడు. అదీ ఆయన్ని చూసింది. 'లేదు' దగ్గర గుర్తు పెట్టాడు.

"బ్రేకులు ఎవరు చేశారు?"

చెవి మేస్త్రి ఒక అడుగు వెనక్కి వేశారు. మా ఆయన మేస్త్రి వెనక్కి వెళ్లారు.

"మా కోడలు," అన్నారు మామగారు.

"అయితే ఆవిడా ఎక్కాలి. చేసినవాళ్లు పక్కన కూర్చోకపోతే నేను బండెక్కను. ఇరవై ఏళ్ల నియమం. అందుకే ఇంకా ఉద్యోగంలో ఉన్నాను."

పొడుగు సీటు మీద ముగ్గురం కూర్చున్నాం. మధ్యలో నేను. వాలు పైనుంచి చూస్తే నిటారుగా ఉంది, నాలుగు తెల్లగీతలు నిచ్చెన మెట్లలా. అడుగున ఇసుకబస్తాల గోడ. ముందు చక్రాలు గీత మీద ఆగాలి. ఒక గీత తప్పితే క్షమిస్తారు, రెండోది తప్పితే లేదు.

బండి దిగడం మొదలైంది. మొదటి గీత ఇంకా చాలా దూరం ఉండగానే, ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు మామగారి కాలిని ముందుకు తోసింది: మూడుసార్లు తొక్కాలి కదా, ముందే మొదలుపెట్టాలి కదా. మొదటిసారి తొక్కగానే బండి మేకు దిగినట్టు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ అట్ట అద్దానికి తగిలి నా ఒళ్లో పడింది. పెన్సిలు ఎటు పోయిందో తెలియదు.

"గీత అక్కడుందండీ," అన్నాడు, పది గజాల కింద చూపిస్తూ.

ఒకటి తప్పింది.

మామగారు పెడల్ వైపు వంగి చూసుకున్నారు. ఇంతకాలం ఆగని బండిని ఆపడం వచ్చు ఆయనకి. ఆగే బండిని ఎలా ఆపాలో తెలియదు.

"మామయ్యగారూ," అన్నాను మెల్లగా, "చిత్రిక పట్టేటప్పుడు మొదటే గట్టిగా అదుముతారా?"

"అదిమితే చెక్క లేచిపోతుంది."

"ఇదీ అంతే. ఒక్కసారే, మెల్లగా."

ఆయన పెడల్ మీద నుంచి కాలు తీశారు. బండి కదిలింది. రెండో గీత దగ్గరపడుతుంటే ఆయన మోకాలు ఒకసారి ఎగిరి, ఆగి, మళ్లీ మెల్లగా దిగడం చూశాను. ముందు చక్రాలు గీత అంచుని తాకి నిలిచాయి. ఇన్‌స్పెక్టర్ తలుపు తెరిచి వంగి చూసి, "తాకింది. రాస్తున్నాను," అన్నాడు, రాయడానికి పెన్సిలు వెతుక్కుంటూ. మూడో గీత దగ్గర చక్రం సరిగ్గా గీత మధ్యలో ఉంది. అప్పటికి బ్రేకుల్లోంచి వేడి వాసన వస్తోంది. నాలుగోది అన్నిటికంటే నిటారు. మొన్నటి స్పిరిటైతే ఈపాటికి ఆవిరై ఉండేది, మేం ఇసుకబస్తాల్లో ఉండేవాళ్లం. నేను కళ్లు మూసుకుందామనుకున్నాను. కానీ బ్రేకులు చేసిన మనిషి కళ్లు మూసుకుంటే ఇన్‌స్పెక్టర్ దూకేస్తాడేమో అని తెరిచే ఉంచాను.

పెడల్ అలాగే గట్టిగా ఉంది. బండి నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, గీత మీద ఆగింది. కుదుపు లేదు. నా ఒళ్లో ఉన్న అట్ట కదల్లేదు.

మామగారు నా వైపు తిరిగి చూశారు. నవ్వారు. టీచరమ్మ ఇంట్లో నవ్విన నవ్వే.

ఇన్‌స్పెక్టర్ ముద్ర వేసి కాగితం చించి ఇచ్చాడు. ఇచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "మాదీ ఒక పాత జీపు ఉందండీ. ఇంతకీ ఇంజన్‌లో ఏ ఆయిల్ పోస్తున్నారు?"

అంతే. మా ఆయన, చెవి మేస్త్రి, బావగారు ముగ్గురూ ఒక్కసారే మొదలుపెట్టారు. జింకని ఒకరు, చిక్కదనమని ఒకరు. మా ఆయన ఏకంగా మెట్ల మీద నేను చెప్పిన పాఠమంతా సొంతంగా కనిపెట్టినట్టు ఒప్పజెప్పేస్తున్నారు. నేను అడ్డు రాలేదు. బాగానే కంఠతా పట్టారు.

మామగారు వాళ్లని పట్టించుకోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "పెద్దోడా, కొండవీధిలో ఆ కంటిడాక్టరుగారి బీరువా ఇవాళే ఇచ్చేద్దాం. నువ్వూ మేస్త్రీ ఎక్కండి, ఎత్తడానికి మనుషులు కావాలి," అన్నారు.

"నాన్నా, వ్యాను..." అని మొదలుపెట్టి, ఆయన ముఖం చూసి బావగారు ఆపేశారు. "సరే పద. చిన్న సామానుకి వ్యాను, పెద్ద సామానుకి నువ్వు. ముందు ఆ కుర్చీ ఎవరికి అంటగట్టాలో చెప్పు."

"మీ అమ్మకి. సీరియల్ చూసేటప్పుడు గిర్రున తిరుగుతుంది."

"నాకెందుకు? నేను తిరగాల్సిందంతా మీ ఇంట్లోనే తిరిగేశాను," అంటూనే అత్తగారు వెనక తొట్టెలోకి ఎక్కేశారు, ఎవరూ చెయ్యి అందించకుండానే.

"మరి మేము?" అన్నారు మా ఆయన.

"మీకిక్కడ చోటెక్కడుందిరా? బస్సులో రండి," అన్నారు మామగారు. బండి గేటు దాటి, మలుపు దగ్గర ఒక్కసారి మెల్లగా బ్రేకు వేసి, వెళ్లిపోయింది.

మేమిద్దరం బస్‌స్టాపులో మిగిలాం. నా గోళ్ల కింద గ్రీజు, ఆయన చొక్కా మీద నా అరచేతి గుర్తు. ఎప్పుడు పడిందో ఇద్దరికీ తెలియదు. మధ్యాహ్నమైనా కాలేదు, బీరువా ఎక్కించుకుని వాళ్లు వెళ్లిపోతే ఇంట్లో ఎవరూ ఉండరు, ఎక్కడా మాకు పనీ లేదు.

"వచ్చే ఏడాదికి గేరుపెట్టెలో ఏం పోద్దామంటావు?" అన్నారు ఆయన. "ఒక వీడియోలో..."

మొదట వచ్చిన బస్సు ఎటు వెళ్తుందో నేను చూడలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కేశాను.